పరిశీలనలో ఉన్న రంపం

సరుగుడుపాలెంలో యంత్ర సంక్షేమ కేంద్రం మంగళవారం ప్రారంభమైంది. తుపాను గురువారం వచ్చింది. ఈ రెండూ ముందూ వెనకా అయి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఏడుకొండలు తన చైన్ రంపాన్ని అరుగు మీద కూర్చుని పది నిమిషాల్లో బాగుచేసుకునేవాడు, పద్మాక్షి తన ఇంట్లోంచి తన కాళ్లతో తాను బయటికి నడిచొచ్చేది.

కేంద్రం ఎందుకు పుట్టిందో ఊళ్లో అందరికీ తెలుసు. రాజధానిలో ఎవరో చాలా పెద్దాయన ఒక ఆదివారం పూట ఇంట్లో మిక్సీ విప్పాడు. మళ్లీ బిగించాక మూడు మరలు మిగిలాయి. మనలాంటివాళ్లకు మరలు మిగిలితే సీసాలో వేసి అటక మీద పెడతాం. ఆయనకు మిగిలేసరికి నూట నలభై పేజీల పుస్తకం అచ్చయింది. దాని ప్రకారం ఇకమీదట ఎవరూ ఇంట్లో ఏ యంత్రాన్నీ విప్పకూడదు. పాడైందని అనుమానం వస్తే కేంద్రానికి తీసుకురావాలి. అసలు పాడైందా లేదా అన్నది కేంద్రం తేలుస్తుంది.

కేంద్రానికి అధికారిగా గంటి సదాశివబ్రహ్మంగారు వచ్చారు. ఆయన ఇరవై రెండేళ్లు ఆస్పత్రుల లెక్కలు రాసి రాసి, డెప్యుటేషన్ మీద ఇటు వచ్చినవారు. కొత్త శాఖకు ఫారాలు ఇంకా అచ్చు కాలేదు గనక పాత ఆస్పత్రి ఫారాలే కట్టలకు కట్టలు తెచ్చుకుని, "రోగి" అన్నచోటల్లా "యంత్రం" అని రబ్బరు స్టాంపు వేయించారు. స్టాంపు ఒకటే, ఫారాలు వేలు. చాలాచోట్ల రోగి రోగిగానే ఉండిపోయాడు.

ఇక గురువారం గాలికి వీధి మలుపులో ఉన్న నిద్రగన్నేరు వేళ్లతో సహా లేచి పద్మాక్షి ఇంటి ముందు పడింది. పద్మాక్షి జాకెట్లు కుడుతుంది. మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది. ఊళ్లో ఆడవాళ్లలో సగంమంది భుజాల కొలతలు ఆమెకు టేపు అక్కర్లేకుండా తెలుసు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే గుమ్మం. మాను సరిగ్గా ఆ గుమ్మానికి అడ్డంగా, సన్‌షేడ్ మీద భారమంతా మోపి పడుకుంది. ఎవరో ఉత్సాహంగా గొడ్డలితో ఒక దెబ్బ వేశారు. సన్‌షేడ్‌లో జానెడు బీట పడింది.

తాపీమేస్త్రీ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "గొడ్డలి ముట్టుకోకండి. కిటికీ ఊచలు కొయ్యకండి, ఇప్పుడు ఆ పైదంతా మోత్తన్నది ఆ ఊచలే. మిషనుతో మెల్లగా ముక్కలు కోసి దింపాలండి, అదొక్కటే దారి."

అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేస్తే, మీ చెట్టు వరుస సంఖ్య రెండు వందల పద్నాలుగు అన్నారు. ఊళ్లో మిషన్లన్నీ హైవే మీద పడ్డ చెట్లు కొయ్యడానికి వెళ్లిపోయాయి. మిగిలింది ఎదురింటి గుత్తుల ఏడుకొండలుది ఒక్కటే.

ఏడుకొండలు సరుగుడు తోటలు కొట్టే మనిషి. ఇలాంటి మిషన్లు ఇంతకుముందు మూడు అరగదీశాడు. రంపం తెచ్చి తాడు లాగాడు. గుర్రుమని లేచింది, మూడు సెకన్లు తిరిగింది, దగ్గి ఆగిపోయింది. మళ్లీ లాగాడు. మళ్లీ అంతే. అరుగు మీద కూర్చుని స్పార్కు ప్లగ్గు ఊడదీసి చూశాడు. పొడిగా ఉంది. ఎయిర్ ఫిల్టరు మీద పొట్టు దులిపాడు. అదీ కారణం కాదు.

"పెట్రోలు అందట్లేదే" అన్నాడు భార్య భూలక్ష్మితో. "ట్యాంకులో పిల్టరు పూడుకుపోయుంటాది. కొక్కెం లాగా వంచి ఓ తీగముక్క ఇలా పట్రా."

భూలక్ష్మి తీగ తెచ్చి చేతిలో పెట్టింది. ఏడుకొండలు ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే ఈల వినిపించింది.

స్కూటరు మీద బ్రహ్మంగారు, వెనక సీటులో ఈల నోట్లో పెట్టుకుని అటెండరు ముసలయ్య. తుపాను వల్ల యంత్రాలకు కలిగిన మానసిక క్షోభను అంచనా వేయడానికి బయల్దేరారు.

"సదరు యంత్రమును అనాచ్ఛాదితం గావించుట తక్షణం నిలుపుదల చేయవలెను!" అన్నారు బ్రహ్మంగారు స్కూటరు దిగకుండానే.

"ఏటండీ?" అన్నాడు ఏడుకొండలు.

"విప్పకు అంటన్నారు" అన్నాడు ముసలయ్య.

"పది నిమిషాల పనండి. అదుగో, అక్కడ మనిషి ఇరుక్కుపోయిందండి."

బ్రహ్మంగారు అటు చూశారు. కిటికీ ఊచల వెనక పద్మాక్షి చేతులు జోడించింది. ఆయన నిజంగానే బాధపడ్డారు. మనిషి చెడ్డవాడు కాదు. "మానవుల విషయం మా పరిధిలోనికి రాదు" అన్నారు గొంతు తగ్గించి. "యంత్రమును వెంటనే కేంద్రమునకు తరలించండి. అత్యవసర విభాగములో చేర్చుకొనెదము."

కేంద్రంలో బల్ల అవతల బ్రహ్మంగారు, ఇవతల ఒళ్లో రంపంతో ఏడుకొండలు. ఫారం పూరించడం మొదలైంది.

"యంత్రము వయస్సు?"

"నాలుగేళ్లండి."

"లింగము?"

ఏడుకొండలు ముసలయ్య వైపు చూశాడు. ముసలయ్య కప్పు వైపు చూశాడు.

"నపుంసకలింగము" అని బ్రహ్మంగారే రాసుకున్నారు. "వివాహితయా, అవివాహితయా?"

"అదేం మాటండీ?"

"అనగా, రంపపు బద్ద, గొలుసు కలిసి ఉంటున్నవా, విడిగా ఉంటున్నవా?"

"కలిసేనండి. గొలుసు బిగుతు సరిచేసి వారం కూడా కాలేదు."

"వివాహిత. ఈ మధ్యనే రాజీ" అని రాసుకున్నారు. "చివరిసారి ఆహారమేమి తీసుకున్నది?"

"పొద్దున్న మునగకొమ్మండి."

"వాంతులు?"

"గొలుసు మీద ఆయిలు కక్కుతాదండి. కక్కాలండి, లేపోతే కాలిపోద్ది."

"వాంతులు కలవు. తోడువచ్చిన వారు దానిని సమర్థించుచున్నారు."

తరవాత లోపనిర్ధారణ. నిబంధన ప్రకారం యంత్రం పాడైందన్న సంగతి యంత్రమే తన ప్రవర్తన ద్వారా నిరూపించుకోవాలి. ఏడుకొండలు తాడు లాగాడు. రంపం లేచింది, మూడు సెకన్లు తిరిగింది, ఆగింది.

"నడిచినది" అన్నారు బ్రహ్మంగారు.

"ఆగిపోయిందండి."

"నడిచినంతసేపూ నిక్షేపముగా నడిచినది. నడుచు యంత్రమును విప్పుట పదకొండవ నిబంధన ప్రకారం హింస."

"మరి ఇప్పుడు ఆగుంది కదండీ. ఇప్పుడు ఇప్పుతానండి."

"ఆగిన యంత్రమునకు పన్నెండవ నిబంధన ప్రకారం విశ్రాంతి హక్కు కలదు. విశ్రాంతిలోనున్న దానిని విప్పుట మహాహింస."

"నడిసినప్పుడు ఇప్పకూడదు, ఆగినప్పుడు ఇప్పకూడదు. మరి ఎప్పుడు ఇప్పాలండి బాబూ?"

ఇది న్యాయమైన ప్రశ్నే అని బ్రహ్మంగారికి తోచింది. పుస్తకం తిరగేశారు. నూట నలభై పేజీలూ తిరగేసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి తిరగేశారు.

"పరిశీలనలో ఉంచెదము" అన్నారు.

రంపాన్ని లోపలి గదిలో ఇనప మంచం మీద, ఆకుపచ్చ దుప్పటి కప్పి పడుకోబెట్టారు. మంచం కోడుకు అట్ట వేలాడదీశారు. పూటపూటకీ ముసలయ్య వచ్చి దాని ఒంటి మీద థర్మామీటరు పెట్టి రాసుకునేవాడు. ట్యాంకులోంచి ఒక చెంచాడు పెట్రోలు తీసి జిల్లా ప్రయోగశాలకు పంపారు. సీసా పాత ఆస్పత్రిది, దాని మీద "మూత్రం" అన్న చీటీ ఊడిరాలేదు. మర్నాటికి నివేదిక వచ్చింది: "రోగి పరిస్థితి అసాధారణం. రోగి సమీపంలో ఎవరూ బీడీ కాల్చరాదు."

సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు చూడ్డానికి రావచ్చన్నారు. సరుగుడుపాలెం మర్యాద తెలిసిన ఊరు. ఆస్పత్రిలో ఎవరున్నా బత్తాయిలు పట్టుకెళ్లి చూసి రాకపోతే అక్కడ మాట వస్తుంది. శుక్రవారం సాయంత్రానికల్లా మంచం పక్కన రెండు గంపల బత్తాయిలు, పది రొట్టె ప్యాకెట్లు చేరాయి. వచ్చినవాళ్లు రంపం వైపు కాసేపు చూసి, "చిక్కిపోయింది పాపం" అని ఏడుకొండలుతో అని, బయటికి వెళ్లి కడుపుబ్బా నవ్వుకునేవారు. ఏడుకొండలుకు నవ్వు రాలేదు. దుప్పటి ఎత్తి ట్యాంకు మూత తిప్పాలని అతని వేళ్లు లాగేస్తున్నాయి. గుమ్మంలో ముసలయ్య ఈల పట్టుకుని కూర్చున్నాడు.

అక్కడ పద్మాక్షి మాత్రం ఊరుకోలేదు. అన్నాలు ఊచల సందుల్లోంచి లోపలికి వెళ్లేవి, కుట్టిన జాకెట్లు ఊచల సందుల్లోంచి బయటికి వచ్చేవి. కొలతలివ్వాల్సినవాళ్లు కిటికీకి వీపు ఆనించి నిలబడితే టేపున్న చెయ్యి ఒకటి బయటికొచ్చి చుట్టు కొలిచి మాయమైపోయేది. పెళ్లిళ్ల రోజులు మరి.

శనివారం పొద్దుటికి జానెడు బీట మూరెడై, ఇంటి లోపలి కప్పులోకీ పాకింది. ఆ పొద్దున్నే కిటికీ దగ్గరికి వచ్చినవారు బ్రహ్మంగారు. మర్నాడు వాళ్ల పెద్దమ్మాయి నిశ్చితార్థం. బ్రహ్మంగారి భార్య పట్టు జాకెట్టు పద్మాక్షి దగ్గర ఉంది. తెచ్చేదాకా ఇంట్లో అడుగుపెట్టొద్దని ఆవిడ చెప్పింది.

"సదరు జాకెట్టు కుట్టుట పూర్తి అయినదని వినికిడి" అన్నారు బ్రహ్మంగారు.

"పరిశీలనలో ఉందండి" అంది పద్మాక్షి.

"అనగా?"

"చేతులు కుట్టినంతసేపూ నిక్షేపంగా నడిచిందండి. హుక్కుల దగ్గర ఆగింది. ఆగినదానికి విశ్రాంతి హక్కుందంట కదండీ. రోజుకి మూడుసార్లు ఒంటి మీద చెయ్యేసి చూత్తన్నాను. జ్వరం ఏం లేదు."

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. బ్రహ్మంగారు జవాబు చెప్పేలోగా పైనుంచి కొబ్బరికాయంత సిమెంటు పెచ్చు ఊడి ఆయన చెప్పుల ముందు పడింది. ఆయన రెండడుగులు వెనక్కి గెంతారు. పద్మాక్షికి మాత్రం వెనక్కి గెంతడానికి చోటు లేదు. కుట్టుమిషను ఆ కిటికీ కిందే ఉంది. వెలుతురొచ్చేది అక్కడొక్కటే.

"బ్రహ్మంగారూ" అంది. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "నేనా బీట కింద కూచుని కుడుతున్నానండి. ఒక కుట్టెయ్యడం, ఒకసారి పైకి చూడ్డం. మూడు రోజులుగా ఇదే పని. ఇంకెన్ని కుట్లేత్తానో నాకు తెలవదు."

బ్రహ్మంగారు జాకెట్టు సంగతి మరిచి స్కూటరు ఎక్కారు. 

కేంద్రానికి తిరిగొచ్చి బీరువాలోని ఫారాలన్నీ నేల మీద పోశారు. ఏడుకొండలు, ముసలయ్య చెరోపక్క చతికిలబడ్డారు. నయమైతేనే ఇంటికి పంపాలి. విప్పితేనే నయమవుతుంది. లోపం తేలితేనే విప్పాలి. లోపం తేలాలంటే విప్పాలి. "సలహాకు విరుద్ధముగా తీసుకుపోవుచున్నాను" అని సంతకం పెట్టి తీసుకెళ్లే ఫారం ఒకటి దొరికింది గాని, ఇంటి దగ్గర విప్పితే అది నేరమే.

అట్టడుగున గులాబీరంగు ఫారాల కట్ట ఒకటి ఉంది. దాని మీద స్టాంపు పడలేదు. బ్రహ్మంగారు ఒకటి తీసి చదివారు. "రోగి మరణించిన యెడల దేహమును బంధువులకు అప్పగించవలెను. తదుపరి కార్యక్రమములు వారి వారి ఆచారము ప్రకారం జరుపుకొనవచ్చును. ప్రభుత్వమునకు అభ్యంతరము లేదు."

చివరి వాక్యం ఆయన రెండుసార్లు చదివారు. అలాంటి వాక్యం ఉంటుందని ఆయనకు ఇంతవరకూ తెలియదు.

"మీ ఆచారమేమిటి?" అని అడిగారు ఏడుకొండలును, మెల్లగా.

"మా ఆచారంలో ముందు ట్యాంకు మూత ఇప్పుతామండి" అన్నాడు ఏడుకొండలు, అంతకన్నా మెల్లగా.

పదకొండు గంటల పది నిమిషాలకు రంపం మరణించినట్టు ప్రకటించారు. బ్రహ్మంగారు కళ్లజోడు తీసి రెండు నిమిషాలు మౌనం పాటించారు. కబురు విని భూలక్ష్మి పరిగెత్తుకొచ్చింది.

"చచ్చిపోవడం ఏటండీ, నిన్న శుభ్రంగా బత్తాయిలు తింటంటేను!"

"ఊరుకోమ్మా" అన్నాడు ముసలయ్య. "చత్తేనే ఇంటికొత్తాది."

భూలక్ష్మికి ఒక్క క్షణం పట్టింది. మరుక్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఓ నా మిషనోయ్, ఎన్ని తోటలు కొట్టావోయ్" అని రాగం అందుకుంది. దారిపొడవునా ఒక్కొక్క ఇంటి నుంచీ ఒక్కొక్క గొంతు కలిసింది. రంపాన్ని రిక్షా మీద దండేసి పడుకోబెట్టారు. ఎవరో డప్పులు తెచ్చారు. మరమరాలు చల్లుతూ ముందు నడిచినవాళ్లు సగం దూరంలోనే గంతులు మొదలెట్టారు. వెనక ప్రభుత్వ ప్రతినిధిగా బ్రహ్మంగారు, చేతిలో మరణ ధ్రువీకరణ పత్రం, తల వంచుకుని.

అరుగు మీద ఏడుకొండలు పాత చీరముక్క పరిచి రంపాన్ని పెట్టాడు. మూత తిప్పాడు. తీగ కొక్కేన్ని ట్యాంకులోకి దించి, నాలుగు వేళ్లతో తడిమినట్టు మెల్లగా తిప్పి, సన్నటి గొట్టాన్ని పైకి లాగాడు. గొట్టం కొసన చిటికెనవేలి గోరంత ఫిల్టరు, నల్లగా జిడ్డోడుతూ. కొత్తది పెట్టెలో ఉంది. పాతది ఊడదీసి అది తొడిగాడు. నిలవున్న పెట్రోలు పారబోసి, ఆయిలు కలిపిన తాజాది పోశాడు. పనిలో పనిగా గుండ్రటి ఆకురాయితో గొలుసు పళ్లు నాలుగు రుద్దాడు.

బ్రహ్మంగారు ముందుకు వంగి ఆ నల్లటి ముక్కను అరచేతిలోకి తీసుకున్నారు.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతేనండి."

ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. తన మొహం ఎలా ఉందో ఆయనకు తెలియదు. కొత్తగా కళ్లజోడు పెట్టుకున్నవాడి మొహంలా ఉందని భూలక్ష్మి తరవాత చెప్పింది.

తాడు ఒక్కసారి లాగాడు. మృత యంత్రం వీధి అదిరిపోయేలా గర్జించింది. మూడు సెకన్లయింది. పదయింది. ఆగలేదు. డప్పులవాళ్లు దానితో పోటీపడ్డారు.

ఏడుకొండలు కొమ్మల చివర్ల నుంచి మొదలెట్టాడు. సన్‌షేడ్ కింద వెదుళ్లు ఊతం పెట్టించి, మానును బారెడేసి ముక్కలు కోస్తూ, ఒక్కొక్క ముక్కనూ పదిమంది చేత తాళ్లతో దింపించాడు. మధ్యాహ్నం రెండింటికి ఆఖరి ముక్క దొర్లింది. తలుపు తెరుచుకుంది. పద్మాక్షి మెడలో టేపుతో బయటికి వచ్చి, నడివీధిలో నిలబడి, పైకి చూసింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అలాగే కింద కూర్చుని ఏడ్చేసింది. భూలక్ష్మి పక్కన కూర్చుంది. కాసేపటికి ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. బ్రహ్మంగారి భార్య జాకెట్టు హుక్కులతో సహా సిద్ధంగానే ఉంది. శుక్రవారమే అయిపోయిందట.

బ్రహ్మంగారు మాత్రం పుస్తకం పట్టుకుని అక్కడే నిలబడ్డారు. "మృత యంత్రము పనిచేయుచున్నది. ఇందుకు కాలమ్ లేదు" అని రాసుకున్నారు.

కాలమ్ లేదంటే నిబంధన లేదు. నిబంధన లేదంటే ఎవరైనా విప్పుకోవచ్చు. ఈ సంగతి ఊరికి అర్థం కావడానికి ఆదివారం ఒక్కరోజు పట్టింది. సోమవారం పొద్దున కేంద్రం ముందు వరసకట్టారు. చంకలో మిక్సీలు, నెత్తిన టేబులు ఫ్యాన్లు, తోపుడుబండి మీద వాషింగ్ మెషీన్లు. అందరూ మొహాలు వేలాడేసుకుని వచ్చి, గులాబీ కాగితం తీసుకుని, ఈలలేసుకుంటూ పోయారు. ఎవరి ఇంటి అరుగు మీద వాళ్లు మరలు విప్పుకున్నారు. రెండు వారాల్లో నాలుగు వందల పన్నెండు మరణాలు నమోదయ్యాయి.

జిల్లా కేంద్రం ఉలిక్కిపడింది. సరుగుడుపాలెం యంత్రాల్లో అంటువ్యాధి ప్రబలిందనీ, బతికున్న యంత్రాలకు మూతిగుడ్డలు కట్టాలనీ ఉత్తర్వు వచ్చింది. దాని వెనకే నిపుణుల బృందం జీపులో వచ్చింది. చనిపోయిన ఫ్యాను కింద కూర్చుని, చనిపోయిన మిక్సీలో తీసిన బత్తాయి రసం తాగి, "మరణానంతర పనితీరు సంతృప్తికరము" అని రాసుకుంది. తిరిగి వెళ్లబోతే జీపు కదల్లేదు. అది బతికే ఉంది గనక ముట్టుకోవడానికి వీల్లేదు. బ్రహ్మంగారు గులాబీ కాగితం ఒకటి రాసిచ్చారు. ఏడుకొండలు బానెట్టు ఎత్తి బ్యాటరీ దగ్గర వదులైన తీగ బిగించాడు. బృందం దివంగత జీపులో క్షేమంగా ఇల్లు చేరింది.

జీపు వెళ్లాక బ్రహ్మంగారు గదిలోకి వెళ్లి బీరువా తీశారు. కట్టలో ఒకే ఒక్క గులాబీ కాగితం మిగిలింది. కలం తీశారు. పేరు దగ్గర "యంత్ర సంక్షేమ కేంద్రము, సరుగుడుపాలెం" అని రాశారు. వయస్సు దగ్గర "మూడు వారములు." మరణ కారణం దగ్గర ఆగి, ఆలోచించి, "లోపల పూడుకుపోయినది. ఎవరూ విప్పలేదు" అని రాసి, సంతకం పెట్టి టపాలో పంపేశారు.

జిల్లా నుంచి నెల తిరక్కుండా జవాబు వచ్చింది. మరణానికి ప్రగాఢ సంతాపం తెలియజేస్తూ, దేహాన్ని బంధువులకు అప్పగించాల్సిందిగా, ప్రభుత్వానికి అభ్యంతరం లేదని. బంధువుల వరసలో ముసలయ్య, ఏడుకొండలు సంతకాలు పెట్టారు. సాక్షి సంతకం పద్మాక్షిది. ఆ మర్నాటి నుంచి కేంద్రం బ్రహ్మాండంగా పనిచేయసాగింది. ఇనప మంచం మీద ఆకురాళ్లు, స్క్రూడ్రైవర్లు, రకరకాల తీగలు పరిచారు. ఎవరి యంత్రం వాళ్లే తెచ్చుకుని, చేతకాకపోతే పక్కవాణ్ని అడిగి బాగుచేసుకుని పోతున్నారు.

పాత శాఖ రమ్మని పిలిచినా బ్రహ్మంగారు సెలవు పెట్టి ఉండిపోయారు. ఓ ఉదయం ఆయన చొక్కా చేతులు మడిచి, తన జీవితంలో మొదటిసారి ఒక టేబులు ఫ్యాను విప్పుతున్నారు. ముక్కు చివర గ్రీజు. తెచ్చిన ఆవిడ పక్కన నిలబడి ఆత్రంగా చూస్తోంది.

"ఏమైందండీ దానికి?"

ఆయన తల ఎత్తలేదు. నోటితో గట్టిగా ఊదారు. "దుమ్మమ్మా" అన్నారు. ప్లగ్గు పెట్టి మీట నొక్కారు. ఫ్యాను కాసేపు మూలిగి, ఒక్కసారిగా అందుకుంది. ఆ గాలికి బల్ల మీది నూట నలభై పేజీలూ, కట్టలు కట్టలుగా ఫారాలూ లేచి గదంతా ఎగిరి కిటికీలోంచి వీధిలో పడ్డాయి. బ్రహ్మంగారు గాలికి మొహం ఒడ్డి కళ్లు మూసుకున్నారు. కాగితాలు ఏరడానికి ఎవరూ లేవలేదు.